పడిగె పలికెడి సాక్ష్యము

(కేసముద్రము పఠనమందిరమున నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



“మన ప్రాంతపు కళలు, సంస్కృతి” యను విషయమును గూర్చి మాటలాడుమని నన్ను పిలిచినారు. ఈ విషయము నెత్తుకొన్నంతనే మన వక్తలు ఓరుగల్లు కీర్తితోరణముకడ నారంభించి, వేయిస్తంభముల గుడి మీదుగా నడచి, రామప్పకడ విశ్రమింతురు. ఆ త్రోవ మంచిదే. దానిని మీరెల్లరు నెఱుగుదురు గనుక నేడు నేను వేఱొక దిక్కునకు, మన రైలుస్టేషనుకు ఉత్తరముగా, గూడూరు దాటి కొత్తగూడ, గంగారము మండలముల కొండలలోనికి మిమ్ము తోడ్కొని పోదలచితిని.

మన కేసముద్రము మైదానమునకును మన్యమునకును నడుమ గడప వంటిది. కొండవారు మన మార్కెట్టుకు బస్తాలు తెత్తురు, మనవారు కొందురు. వారి మొక్కజొన్నలో తేమ యెంతయున్నదో మన వ్యాపారులు గింజను నోట కొఱికి చెప్పగలరు. వారి యిలవేల్పు పేరేమి, ఆ వేల్పు కథను పాడువా రెవరు అని యడిగినచో చెప్పగలవా రీ సభలో నెందఱు కలరో, చేతులెత్తుడని నేనడుగను. 2016లో వరంగల్లునుండి విడివడిన మన మహబూబాబాదు జిల్లాలో మూడింట నొకవంతునకు మించి గిరిజనులే. అందు లంబాడీ సోదరు లధికులు. వారి పాటలు, తీజు పండుగ, అద్దముల కుట్టుపని వేఱొకనాటి యుపన్యాసమునకు చాలినంత విషయము. నేడు కోయలను గూర్చియే చెప్పెదను.

వృత్తిచేత న్యాయవాదిని గనుక నాకు తెలిసిన భాషలోనే చెప్పుట సులభము. మన ప్రాంతచరిత్రను ఒక వ్యాజ్యెమని భావింపుడు. అందు మొదటి పక్షము కాకతీయులది. వారి దస్తావేజులకు కొదవ లేదు. గణపతిదేవుని కాలముననే పాఖాల చెఱువు వెలసినది. 1213లో రేచర్ల రుద్రుడు రామప్పగుడి కట్టించి శాసనము వేయించినాడు. 2021 జూలైలో ఆ గుడి ప్రపంచ వారసత్వపు పట్టిక కెక్కినది. మనకు చేరువనున్న బయ్యారము చెఱువు గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. దానికామె యిడిన పేరు ధర్మకీర్తిసముద్రము. (సముద్రమను మాట చివరనున్న యూరిలో కూర్చుండి వినుచున్న మీకు ఆ పేరు వింతగా తోపకుండును.) కాకతీయ వంశమున వెన్నడు మొదలుకొని తొలితరముల క్రమము చరిత్రకారులకు తెలియవచ్చినది ఆ చెఱువు శాసనమువలననే. బయ్యారమన్న నేడు జ్ఞప్తికి వచ్చునది ఇనుపరాయి మాత్రమే. 2014 నాటి పునర్విభజన చట్టములో సాధ్యాసాధ్యములు పరిశీలింపుడని వ్రాసిన ఉక్కు కర్మాగారమును గూర్చి పలుకని రాజకీయసభ లేదు. మైలాంబ శాసనమును గూర్చి పలికిన సభ మాత్రము నాకు తారసిల్లలేదు.

ఇక రెండవ పక్షము. అది కొండలలో నున్నది. దాని చేత రాతిశాసన మొక్కటియు లేదు.

ఆ పక్షపు కథ మీకు తెలియనిది కాదు. కఱవువలన పంటలు పండక కోయదొరలు కప్పము కట్టజాలకపోయిరి. ప్రతాపరుద్రుని సైన్యము మేడారముపైకి వచ్చినది. పగిడిద్దరాజు, ఆతని భార్య సమ్మక్క, కూతుండ్రు సారలమ్మ, నాగులమ్మ, కొడుకు జంపన్న, అల్లుడు గోవిందరాజు పోరాడిరి. జంపన్న సంపెంగవాగున బడి ప్రాణము విడిచెను, అది జంపన్నవాగైనది. సమ్మక్క గాయములతో చిలుకలగుట్టవైపు పోయి కానరాకుండెను. వెదకినవారికి కుంకుమభరిణె దొరకెను. మన పిల్లలు చదువు పుస్తకములలో చెఱువులు త్రవ్వించిన ప్రభువులే, ఈ కథలో కఱవునాడు కప్పమునకై దండెత్తిన ప్రభువులు. రెండును నిజము కాగూడదని యే ధర్మశాస్త్రమును చెప్పలేదు. చెఱువు త్రవ్వుటకు ధనము కావలెను. ధనము పన్నులనుండి రావలెను. పన్ను ఎవరో యొకరు చెల్లింపవలెను.

మన జిల్లావా రనేకులు మఱచు సంగతి యొకటి కలదు. సమ్మక్క జాతర ములుగు జిల్లాది యనుకొందురు. పగిడిద్దరాజు మనవాడు. ఆయన నెలవు గంగారము మండలములోని పూనుగొండ్ల. జాతరకు పెనక వంశపు వడ్డెలు ఆ దేవుని పడిగెతో అడవిదారిని కాలినడకన మేడారము చేరుదురు. కొండాయినుండి గోవిందరాజు, కన్నెపల్లినుండి సారలమ్మ వత్తురు. మఱునాడు చిలుకలగుట్ట దిగి సమ్మక్క వచ్చును. మూడవనాడు భక్తులు మ్రొక్కులు తీర్చుకొందురు. బంగారమని పేరిడి బెల్లము నిత్తురు. నాలుగవనాడు దేవతల వనప్రవేశము. గోపురము లేదు, చెక్కిన విగ్రహము లేదు. 1996లో నాటి ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా గుర్తించినది. రెండేండ్లకొకమాఱు మాఘ పూర్ణిమవేళ కూడు జనమును లక్షలలో లెక్కింపవలసినదే.

ఆ లక్షలమంది చెవులను పడునవి ధ్వనివర్ధకములలోని సినిమాబాణీల పాటలు. ఆ మ్రోతలో నొకమూల నిలిచి, డోలు వాయించుచు, పగిడిద్దరాజు తాత తండ్రుల పేర్లు వరుసగా చెప్పుకొని పోవు మనుష్యుని పాట వినబడునా? ఆ మనుష్యుడే నా వ్యాజ్యెములో రెండవ పక్షపు సాక్షి. ఆతనిని గూర్చి కొంచెము తీఱికగా చెప్పవలసియున్నది.

కోయలలో డోలి కోయలను నొక శాఖ కలదు. వంశచరిత్రను పాడుట వారి వృత్తి. కోయసంఘము గట్టులుగా విభజింపబడియున్నది: మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు, ఆఱవ గట్టు, ఏడవ గట్టు అని. ప్రతి గట్టులో పెక్కు ఇంటిపేర్లు. ఒక గట్టువారు తమలో తాము వియ్యమందరు. ఏ యింటిపేరు ఏ గట్టునకు చెందినది, వారి మూలపురుషు లెక్కడ పుట్టిరి, ఎచ్చటినుండి ఎచ్చటికి వలసపోయిరి, ఏ యేఱు దాటిరి, ఏ గుట్టపై వేల్పును నిలిపిరి యను వివరమంతయు డోలివాని నోట నున్నది. మన తహశీలుదారు కచేరీలో హక్కుల దస్త్రమేదియో, కోయగూడెమున డోలివాని పాట అది. పెండ్లికి ముందు గట్టు తేల్చుకొనుటకును, చావునాడు వంశము చెప్పుటకును, కొలుపునాడు వేల్పును పిలుచుటకును ఆ పాట కావలెను.

ఆ పాటకు తోడుగా నుండునదే పడిగె. వెదురుగడకు కట్టిన పొడవైన గుడ్డ యది. ఒక కొన వెడల్పు, రెండవ కొన సన్నము. దానిపై సూర్యచంద్రులు, చెట్లు, మృగములు, పూర్వపు రాజులు, రాణులు, యుద్ధవీరులు గుడ్డతునకలతో కుట్టబడియో, రంగులతో దిద్దబడియో యుందురు. చూచువారికది జెండావలె కనబడును. డోలివాని కది గ్రంథము. ఒక్కొక్క బొమ్మయు నొక్కొక్క యధ్యాయము. ఆతడా బొమ్మను చూచుచు ఆ ఘట్టము పాడును, ప్రక్కవాడు వంతపాడును, తూతకొమ్ము మ్రోగును. పడిగె యొక్కటే చేత చిక్కినచో మనకు కొన్ని బొమ్మలు చిక్కును. పాట యొక్కటే చిక్కినచో వరుస తెలియక కొంత పోవును. రెండును కలిసిననే చరిత్ర.

ఈ భేదమును మన మైదానమున చూచియే నేర్చుకొనవచ్చును. చేర్యాల నకాశీ పటములు మీరెఱుగుదురు. అవి మొదట గోడకు వ్రేలాడదీసికొనుటకు వ్రాసినవి కావు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పుటకు, ఇతర కథకులు తమ తమ కులములవారికి తమ కథలు చెప్పుటకు వ్రాయించుకొన్నవి. నేడు చేర్యాల కళకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. బొమ్మలు, మొగములు పట్టణములలో అమ్ముడుపోవుచున్నవి. చిత్రకారులకు నాలుగు రూకలు దొరకుచున్నవి. సంతోషమే. అయితే పటమును విప్పి రాత్రులు కథ చెప్పిన కుటుంబముల సంఖ్య క్రమముగా తగ్గిపోయినది. బొమ్మకు ధర వచ్చినది, పాటకు రాలేదు. పడిగెకును ఇదే గతి పట్టునని నా భయము. దాని బొమ్మలను చీరల అంచులమీదను, ప్రభుత్వ భవనముల గోడలమీదను అచ్చువేయుట సులభము. అవి యేమి చెప్పుచున్నవో చదువగలవా డొక్కడైనను మిగులునా యనునది ప్రశ్న.

భయమునకు కారణము చెప్పెదను. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు డోలి విద్యలో పేరెన్నిక గన్నవారు. కోయభాషలోను తెలుగులోను పాడగలవారు. సమ్మక్క సారలమ్మల కథయు, అనేక కోయ వంశముల చరిత్రయు ఆయన నోట నుండెను. 2022లో భారత ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నిచ్చినది. 2024 జూన్‌లో ఆయన పోయినారు. అదే సంవత్సరము అక్టోబరులో ఉత్తరాన ఆసిఫాబాదు జిల్లా మార్లవాయిలో, గోండుల గుస్సాడి నృత్యమునకు పద్మశ్రీ నందిన కనకరాజుగారు పోయినారు. ఆ డిసెంబరులోనే దుగ్గొండి వాస్తవ్యులైన బుడగజంగాల గాయకుడు పస్తం మొగిలయ్యగారు పోయినారు. ‘బలగం’ చిత్రమున పాడి జనులచేత కంట నీరు పెట్టించినది ఆయనయే. ఏడు మాసములలో ముగ్గురు. వీరి పేర్లు మనకు తెలిసినవి బిరుదమువలననో, సినిమావలననో. ఏ బిరుదమును ఎఱుగక పోయినవారి లెక్క మన మార్కెట్టు చీటీలలో దొరకదు.

ఆ 2024 సెప్టెంబరు మొదటి తేదీని వరద వచ్చి ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది మీకు జ్ఞాపక ముండును. దేశమందలి పత్రికలన్నియు మన యూరి పేరచ్చువేసినవి. వందలకొలది కూలీలు, యంత్రములు వచ్చి కొలది దినములలోనే దారి కలిపినవి. రెండు మాసములకు ముందు కూనవరమున తెగిన దారిని కలుపుటకు మనలో నెవ్వరును గంప యెత్తలేదు.

ఇక్కడ నా వృత్తిసోదరులు కొందఱు లేచి, “నోటిమాటకు ప్రమాణ మేమి? తరతరమునకును మాఱును గదా” అని యడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పక పోగూడదు.

మొదటిది: చట్టమే ఇట్టి నోటిమాటను త్రోసిపుచ్చలేదు. 1872 నాటి సాక్ష్యచట్టము 32వ విభాగమున, చనిపోయినవారు వంశసంబంధమును గూర్చియు, పూర్వాచారమును గూర్చియు చెప్పిన మాటలు కొన్ని నిబంధనలకు లోబడి సాక్ష్యమగునని యున్నది. 2024 జూలై 1 నుండి ఆ చట్టమునకు మాఱుగా భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది; ఈ సూత్రము పోలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద 2008లో చేసిన నియమములలో, 13వ నియమము ఇంకను స్పష్టముగా చెప్పినది: హక్కుదారుకాని పెద్దలు చెప్పిన మాటను వ్రాతలో పెట్టినచో అదియు నొక యాధారమే. పవిత్రస్థలములు, శ్మశానములు సైతము ఆధారములే. అనగా డోలివాని పాటలో ఏ గుట్టమీద ఏ వేల్పు నిలిచెనో చెప్పు చరణము ఒక గూడెము భూమిహక్కునకు తోడ్పడు సాక్ష్యము కావచ్చును. దీనిని వినోదమని తలచువారు ఈ మాటను గమనింపవలెను.

రెండవది: ఇది మన యొక్క దేశపు విషయము కాదు. కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు గిట్క్సాన్, వెట్సువెటెన్ జాతులవారు తమ భూములకై వ్యాజ్యెము వేసి, వంశచరిత్రలు చెప్పు పాటలను, కథలను న్యాయస్థానములోనే వినిపించిరి. 1991లో విచారణ న్యాయమూర్తి వాటికి విలువ నీయలేదు. 1997 డిసెంబరులో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, డెల్గమూక్ వ్యాజ్యెమున, అది తప్పనియు, మౌఖిక చరిత్రలను వ్రాతపత్రములతో సమముగా పరిగణింపవలెననియు చెప్పి, క్రొత్త విచారణకు ఆదేశించినది.

మూడవది నా కచేరీ యనుభవమువలన చెప్పుచున్నాను. మాటలో తేడాలుండుట దోషము కాదు. నలుగురు సాక్షులు ఒకే మాటను ఒకే తీరున, అక్షరము పొల్లుపోకుండ చెప్పినచో, రాత్రి వీరికి నూరిపోసినవా రెవరని యడుగుదుము. సమ్మక్క అడవిలో కోయదొరకు దొరకిన పెంపుడు బిడ్డయని యొక తీరు. చందా వంశపు పుట్టుబిడ్డయని డోలీలు చెప్పునది మఱియొక తీరు. ఈ రెంటిలో మన అచ్చుపుస్తకముల కెక్కినది తొలిది. రెండవదానిని ఆ యింటివారే చెప్పుచున్నారు. ఎవరి మాటకు బరువెక్కువయో చరిత్రకారులు తేల్తురు గాక. తేల్చుటకు ముందు రెండు వాఙ్మూలములును దస్త్రములో నుండవలెను గదా. శాసనము మాత్రము నిష్పక్షపాతి యనుకొనుటయు వెఱ్ఱితనమే. దానిని వ్రాసిన కవి రాజుగారి యన్నము తిన్నవాడు.

సివిలు ప్రొసీజరు కోడులో ఒక సదుపాయమున్నది. సాక్షి రోగియై, అశక్తుడై న్యాయస్థానమునకు రాలేనిచో, ఆతని యింటికే కమిషనును పంపి వాఙ్మూలము తీసికొందురు. సాక్షి ఊరు విడిచి పోవువాడైనచో వ్యాజ్యెపు వరుసవఱకు ఆగక వెంటనే విచారింతురు. నే నీ సభను కోరునది ఇట్టి కమిషనునే.

ఇట్టి పని మనవారికి క్రొత్త కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో గతించిన పిమ్మట ఆయన పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలివారు, ఆదిరాజు వీరభద్రరావుగారి వంటి పెద్దల పూనికతో, పల్లెపల్లెకు పోయి రాళ్లమీది యక్షరములకు ప్రతులెత్తి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చొత్తించిరి. వారిలో పెక్కురు ఉద్యోగములు, వృత్తులు చేసికొనుచు, సెలవునాడు తిరిగినవారే. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి మూడువందల యేబదిమందికి పైగా కవుల పేర్లతో జవాబిచ్చిరి. పిమ్మట మన వరంగల్లు జిల్లావారే యైన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై పరిశోధన చేసి, విశ్వవిద్యాలయమున ఆ విద్యకు పీట వేయించిరి. మన కాలమున ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును, ఆచార్య గూడూరు మనోజగారును ఆదివాసుల వాద్యములను, పడిగెలను వెదకి, ‘ఆద్యకళ’ యను పేరిట ప్రజలయెదుట పెట్టిరి. ఇందఱు త్రోవ వేసినారు. నడువవలసిన దూరము మన యింటినుండి గంగారము వఱకే.

అయితే ఎట్లు పోవలెనను విషయమున నాకు కొన్ని పట్టుదలలు కలవు.

అడుగక పోరాదు. పడిగె ఆ యింటి వేల్పు. చూపుదురో లేదో వారి యిష్టము. కొలుపునాడు తప్ప విప్పగూడదను నియమ మున్నచో ఆ నాటివఱకు వేచియుండవలెను. పడిగెను కొని తెచ్చి పట్టణమున అద్దముల పెట్టెలో పెట్టుదమని యెవరైన అన్నచో, మన యింటి పూజగదిలోని విగ్రహమును గూర్చి అదే మాట యన్న నెట్లుండునో తలచుకొనవలెను. పాడినవారికి దినకూలికి తగ్గకుండ ప్రతిఫల మీయవలెను. శాలువ కప్పి పంపుట ప్రతిఫలము కాదు. ఏ సభకో మంత్రిగారు వచ్చుచున్నారని వారిని లారీలో తెచ్చి యెండలో నిలిపి అయిదు నిమిషములు డోలు కొట్టించుట మన జిల్లాలో అలవాటైనది. ఆ పనికి ఈ పఠనమందిరము పేరు వాడగూడదు.

కోయమాట రాని మనము ఒంటిగా పోయి ప్రయోజనము లేదు. పాటలోని పాతమాటలు నేటి కోయ యువకులకే కొన్ని తెలియవందురు. కావున కొత్తగూడ, గంగారము ప్రాంతములనుండి చదువుకొన్న కోయ యువకులను, ముఖ్యముగా ఉపాధ్యాయులను, మన జట్టులో పెద్దలుగా నుంచుకొనవలెను. పాడునపుడే ఆ మాటకర్థము పాడినవారినే అడిగి వ్రాయవలెను. తరువాత ఊహించి వ్రాయరాదు. పాట నేటి ఫోనులో సైతము నమోదు చేయవచ్చును. యంత్రము లేదను సాకు మనకు లేదు. నమోదైన ప్రతి మొదట ఆ గూడెమునకు, రెండవది అక్కడి పాఠశాలకు, మూడవది మనకు. ఏ భాగము బయటివారికి వినిపింపరాదందురో ఆ భాగము వారికడనే యుండును. ఈ షరతులను కాగితముమీద పెట్టుట నా పని, రుసుము లేదు.

ఈ శీతకాలమున కోతలు ముగియగానే మొదటి జట్టు గూడూరు మీదుగా పూనుగొండ్లకు పోయి, అచ్చటి పెద్దలను అనుమతి యడిగి వచ్చుటకు మాత్రమే ఒక దినము కేటాయింతము. ఆ దినమున ఏమియు నమోదు చేయము. వారు సరే యన్నచో వారు చెప్పిన తిథికి రెండవమాఱు పోదము. కాదన్నచో మఱియొక గూడెము పెద్దలను అడుగుదము. మోటారుబండి ఖర్చునకు ముగ్గురు సభ్యు లిప్పటికే మాటయిచ్చినారు. రాదలచినవారు కార్యదర్శిగారికడనున్న పుస్తకములో పేరును, కోయమాట ఎంతవఱకు వచ్చునను సంగతియు వ్రాసిపొండు.